ఎల్లో ఫీవర్ టీకా జిల్లాల్లోనే వేయించండి: కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, నిర్మల్‌లో నివసిస్తున్నాను. ఘనా దేశంలోని ఒక పల్లెలో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్న మనవరాలిని చూడడానికి మా దంపతులం ఇటీవల వెళ్లి వచ్చాం. ఎల్లో ఫీవర్ టీకా కోసం జిల్లాల్లో ఉండేవారు, ముఖ్యంగా అరవై ఏళ్లు దాటినవారు పడుతున్న ఇబ్బంది ఆ ప్రయాణం వల్లనే నాకు తెలిసింది. దానికి పరిష్కారం మీ శాఖ చేతిలోనే ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మా పెద్దమ్మాయి కుటుంబం న్యూజెర్సీలో స్థిరపడింది. అక్కడే పుట్టి పెరిగిన మనవరాలు డిగ్రీ పూర్తి చేసి, అమెరికా ప్రభుత్వం నడిపే పీస్ కోర్‌లో చేరింది. ఆ సంస్థ స్వచ్ఛంద ఉపాధ్యాయుల తొలి బృందం 1961 ఆగస్టు 30న దిగింది ఘనా రాజధాని అక్రాలోనే. మా మనవరాలు ఉత్తర ఘనాలో, తమాలే నగరానికి ఆవల ఉన్న ఒక ఊరిలో, జూనియర్ హైస్కూలు పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతోంది. సేవాకాలం మొత్తం 27 నెలలు. అందులో మొదట శిక్షణ ఉంటుంది, అప్పుడు చుట్టాలు వెళ్లడానికి వీలుండదు. ఆ తరువాత కూడా బడి సెలవుల్లోనే ఆ పిల్లకు తీరిక. అంటే ప్రయాణం ఎప్పుడన్నది మన చేతిలో ఉండదు. ఆ కొద్ది రోజులు దాటిపోతే మళ్లీ సెలవులు వచ్చేదాకా ఎదురుచూడాలి.

ఇక నిబంధన సంగతి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రం లేనిదే ఘనా ప్రభుత్వం లోపలికి రానివ్వదు, తిరుగు ప్రయాణంలో మన దేశమూ అదే పత్రం అడుగుతుంది. అది లేకుండా దిగినవారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం మన విమానాశ్రయ ఆరోగ్య సిబ్బందికి ఉంది. ఈ కట్టుదిట్టాన్ని నేను ఏమాత్రం తప్పుపట్టడం లేదు. మన దేశంలో ఈ జ్వరం లేదు కానీ, దానిని మోసే ఏడిస్ దోమ మాత్రం ఊరూరా ఉంది. డెంగీతో ఏటా మనల్ని పీడిస్తున్నది ఆ దోమే. వైరస్ ఒక్కసారి ఇక్కడికి చేరితే ఏమవుతుందో ఊహించడానికి వైద్యుడే కానక్కరలేదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల ప్రకారం 2016 జులై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి భారం కూడా పెద్దది కాదు.

చిక్కంతా ఆ ఒక్క డోసు వేయించుకోవడంలోనే ఉంది. ఈ టీకా ఏ మందుల దుకాణంలోనూ, ఏ వీధి ఆసుపత్రిలోనూ దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మా ప్రాంతం వారు అందుకోసం హైదరాబాద్ వెళ్లాలి. ఒక సీసాలో పలువురికి సరిపడే మందు ఉంటుంది, కలిపిన కొద్ది గంటల్లోనే దానిని వాడేయాలి. అందువల్ల తగినంత మంది పోగయ్యే రోజులనే కేంద్రాలు ఎంచుకోవడం న్యాయమే. అయితే టీకా వేసిన పది రోజుల తరువాత గాని ధ్రువపత్రం చెల్లదు. ధ్రువపత్రంలో పాస్‌పోర్టు నంబరు ఉండాలి, వీసా దరఖాస్తుకు ఆ ధ్రువపత్రం జతచేయాలి, వీసా కోసం పాస్‌పోర్టును ఢిల్లీకి పంపాలి. మొదటి మెట్టు దగ్గర ఒక వారం జారితే, బడి సెలవుల మీద ఆధారపడిన ప్రయాణం మొత్తం జారిపోతుంది.

అరవై దాటినవారికి మరో చిక్కు ఉంది. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా. పెద్ద వయసులో మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదుగానే అయినా, చిన్నవారిలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. అందువల్ల లాభనష్టాలు బేరీజు వేసి వైద్యుడు నిర్ణయించాలి. మరి ఏ వైద్యుడు? మేము చూపించుకునే డాక్టరుగారు ఈ టీకా తాను ఎన్నడూ వేయలేదని, కేంద్రంలోనే అడగమని అన్నారు. కేంద్రంలో అడిగితే మీ డాక్టరు నుంచే ఉత్తరం తెమ్మన్నారు. ఇద్దరూ తమ పరిధిలో సరిగ్గానే మాట్లాడారు, మధ్యలో తిరిగింది మేము. చివరికి నా పాత విద్యార్థి, ప్రస్తుతం వైద్యుడు, మా ఆవిడ మధుమేహం, రక్తపోటు కాగితాలన్నీ ఓపికగా చూసి ఉత్తరం రాసిచ్చాడు. అలాంటి శిష్యుడు లేనివారి మాటేమిటి? జగిత్యాలలో ఉండే మా వియ్యపురాలు ఈ తిరుగుడుకు విసిగి, భయపడి, ప్రయాణమే మానుకున్నారు. ఆ టీకా ఆవిడకు నిజంగా ప్రమాదమో కాదో ఆవిడకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఒక విహారయాత్ర కోసం ఇంత గోల అవసరమా అని మీ అధికారులు అనవచ్చు. విహారయాత్రకూ దీనికీ తేడా ఏమిటో ఆ ఊరు వెళ్లాకే మాకూ పూర్తిగా అర్థమైంది. సహారా నుంచి హర్మట్టాన్ గాలి వీస్తూ, ఆకాశం దుమ్ముతో మసకబారే డిసెంబరు నెల అది. ఊళ్లో అడుగుపెట్టగానే ముందు గ్రామాధిపతిని దర్శించుకోవాలి, చేతిలో కానుకగా కోలా కాయలు ఉండాలి. చర్మాలు పరచిన గద్దె మీద కూర్చున్న ఆ పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, ఈ పిల్ల తండ్రి తరఫువారు ఎవరు, తల్లి తరఫువారు ఎవరు అని. మాతో ఉన్న మా అల్లుడిని చూపించి, వాళ్ల అమ్మగారు రాలేకపోయారని చెబితే, కారణం అడిగి తెలుసుకున్నారు. నాలుగు తరగతుల పిల్లలు నేర్చుకున్న లెక్కలన్నీ ఒక ఎత్తు, టీచరమ్మకు అమ్మమ్మ, తాతయ్య ఉన్నారని ఊరు కళ్లారా చూడడం ఒక ఎత్తు అని అక్కడి ప్రధానోపాధ్యాయుడు నాతో అన్నాడు. వెళ్లేటప్పుడు గిన్నీకోడిని బహూకరించాడు కూడా. మక్కపిండితో చేసే టీజెడ్ అనే అక్కడి ముద్దను మా ఆవిడ గటక అనే పిలిచింది, ఆకుకూర పులుసుతో ఇష్టంగా తిన్నది. ఊరి నడుమ ఉన్న చేతిపంపు మన ఇండియా మార్క్ 2 నమూనాదే, మా పాత బడి ఆవరణలో ఉన్నటువంటిదే. మన పంపులు అంత దూరం వెళ్లి దశాబ్దాలయింది.

మనుషులూ వెళ్తున్నారు. ఘనా, నైజీరియా, కెన్యా, ఉగాండాలలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారి తల్లిదండ్రులు కరీంనగర్‌లోనో, ప్రకాశం జిల్లాలోనో ఉంటారు, వారిలో చాలామంది అరవై దాటినవారే.

మంత్రివర్యా, దీనికి కొత్త వ్యవస్థ ఏదీ నిర్మించనక్కరలేదు. హజ్ యాత్రికులకు మెనింజైటిస్ టీకాను ఏటా జిల్లాల్లో శిబిరాలు పెట్టి వేయిస్తున్నారు, వారి ఆరోగ్య పత్రాలను అక్కడే పరిశీలిస్తున్నారు. ఎల్లో ఫీవర్ టీకాకూ అదే పద్ధతి పాటించవచ్చు. ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల ఉంది, మా నిర్మల్‌లోనే 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఇలాంటి కళాశాలల్లో కొన్నింటిని, పాత ఉమ్మడి జిల్లాకు ఒకటి చొప్పున, టీకా కేంద్రాలుగా గుర్తించండి. నెలకు ఒకటి రెండు రోజులు ముందే ప్రకటించి, పేర్లు నమోదు చేసుకుంటే సీసాలు వృథా కావు. బడి సెలవులకు ముందు నెలల్లో మాత్రం మరొక రోజు కలపండి. ఆ రోజున జనరల్ మెడిసిన్ వైద్యుడొకరు అక్కడే కూర్చుని, అరవై దాటినవారి కాగితాలు చూసి, వేయవచ్చో లేదో స్వయంగా నిర్ణయించి సంతకం పెట్టాలి. వద్దని తేలితే, ఆ మాటను మినహాయింపు పత్రంగా రాసిచ్చి, తిరిగి వచ్చినప్పుడు విమానాశ్రయంలో ఏం జరుగుతుందో తెలుగులో వివరించాలి. గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ముందుగా ఏం చెప్పాలో కూడా తెలుగు కరపత్రంలో ఉండాలి.

మనవరాలి సేవాకాలం ఇంకా మిగిలి ఉంది. వచ్చే సెలవుల నాటికి ఈ ఏర్పాటు జరిగితే, మా వియ్యపురాలిని నేనే వెంటబెట్టుకొని ఆదిలాబాద్ తీసుకెళ్తాను. మీ శాఖ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
నిర్మల్, తెలంగాణ