బిబ్‌ల గురించి అడిగినవాళ్లకి

అమ్మలూ, పిల్లలు తినేటప్పుడు బట్టలు పాడవకుండా మెడకి కట్టే బిబ్ ఏది కొనాలని నిన్న అడిగారు కదా, నాకు తెలిసింది చెబుతున్నా. ఆరు నెలలు నిండి ఉగ్గు, రాగి జావ మొదలుపెట్టాక, చొంగ కోసం కొన్న చిన్న కాటన్ బిబ్‌లు ఏ మూలకీ చాలవు, తడి లోపలి చొక్కా దాకా దిగిపోతుంది. కింద జేబులా ఉండే మెత్తటి సిలికాన్‌ది తీసుకోండి. నోట్లోంచి జారిన పప్పన్నం అందులోనే పడుతుంది, మావాడు మళ్లీ అందులో చెయ్యి పెట్టి మెతుకులు ఏరుకుని తింటాడనుకోండి, అది వేరే సంగతి! ఆ జేబు తెరుచుకుని నిలబడాలి, కొన్నింటికి పొట్టకి అతుక్కుపోయి ఉంటుంది, అవి దండగ. నెయ్యి జిడ్డుకి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు.

తనే కలుపుకుని తింటానని మారాం చేసేవాళ్లకి మాత్రం పొడుగు చేతుల వాటర్‌ప్రూఫ్ బిబ్బే మేలు. మెడ దగ్గర ప్రెస్ బటన్లు నయం. వెల్‌క్రో అయితే లాగి పారేస్తారు, పైగా మూయకుండా ఉతికితే మిగతా బట్టలన్నిటినీ పట్టుకుంటుంది.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే టెన్షన్ పడకండి, ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది. తినడం అవగానే బిబ్ తీసెయ్యండి, మెడకి ఉండగా అస్సలు నిద్రపుచ్చొద్దు.