రూల్స్ క్లాస్ అయ్యాకే గోల్ఫ్ కోర్సుకు: వచ్చే నెల నుంచి మన దగ్గర మార్పులు

అందరికీ నమస్కారం. అనంతపురంలో మన గోల్ఫ్ ప్రాక్టీస్ నెట్‌కు వస్తున్నవాళ్లకు, కొత్తగా చేరాలనుకుంటున్నవాళ్లకు వచ్చే నెల నుంచి జరిగే మార్పులు చెప్పడానికి ఇది రాస్తున్నాను. నెట్ నెలవారీ ఫీజు పెంచడం లేదు. బెంగళూరు వైపు గోల్ఫ్ కోర్సుకు, అంటే అసలు ఆట ఆడే మైదానానికి, తీసుకెళ్లే ట్రిప్‌లో మాత్రం రెండు మార్పులు. ఇకపై రూల్స్, మర్యాదల క్లాసులో రెండు సాయంత్రాలు కూర్చున్నవాళ్లనే కోర్సుకు తీసుకెళ్తాం. ఆ క్లాసుకు విడిగా డబ్బులు తీసుకోం. రెండోది, ఒక ట్రిప్‌కు నలుగురే. టెంపో ట్రావెలర్ బదులు కారులో పోతాం కాబట్టి మనిషికి పడే ఖర్చు కొంత పెరుగుతుంది.

ఈ మాట చెప్పగానే కొందరు నొచ్చుకున్నారు. "బాల్ కొట్టడం నేర్పమంటే పాఠాలు చెప్తానంటావేందన్నా" అని ఒక తమ్ముడు ముఖం మీదే అడిగాడు. అడగాల్సిన మాటే. ఏదీ దాచకుండా కారణాలు చెప్తాను.

మన దగ్గర ఉన్నది నెట్. మ్యాట్ మీద నిలబడి కొడితే బాల్ వలకు తగిలి కింద పడుతుంది. ఎటు పోయింది, ఎవరికి తగలబోయింది అనే భయం లేదు. సరిగ్గా తగలకపోతే ఇంకోటి పెట్టుకుని కొడతాం. స్వింగ్ (క్లబ్ ఊపి కొట్టే తీరు) నేర్చుకోవడానికి అంతకన్నా అక్కర్లేదు. కోర్సులో అలా కుదరదు. బాల్ ఎక్కడ పడితే అక్కడి నుంచే, ఎలా ఉంటే అలాగే కొట్టాలి. వెనక గడ్డి లేచి ఉందని కాలితో తొక్కకూడదు, కొమ్మ అడ్డమొచ్చిందని విరవకూడదు. మిగతా రూల్స్‌లో చాలావరకు దీన్నుంచే పుట్టాయి.

ఇంకొక పెద్ద తేడా ఉంది. మన ఊళ్లో పిల్లలంతా క్రికెట్ ఆడి పెరిగినవాళ్లే. బ్యాట్‌కు ఎడ్జ్ తగిలిందని తెలిసినా, అంపైర్ వేలెత్తేదాకా నిలబడి చూడటం అక్కడ మామూలు. గోల్ఫ్ మామూలు రౌండ్‌లో అంపైర్ ఉండడు. మన స్ట్రోకులు, అంటే ఎన్నిసార్లు కొట్టామో, మనమే లెక్కపెట్టుకోవాలి, మన పెనాల్టీ మనమే వేసుకోవాలి. కొట్టాలనే క్లబ్ (బాల్ కొట్టే కర్ర) ఊపి, బాల్‌కు తగలకుండా గాలిలో పోయినా అదొక స్ట్రోకే. షాట్‌కు సిద్ధమవుతూ క్లబ్ ఆనించినప్పుడు గడ్డిలో బాల్ కదిలితే ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకుని, దాన్ని మళ్లీ ఉన్నచోటే పెట్టాలి. ఎవరూ చూడకపోయినా సరే.

1925 యూఎస్ ఓపెన్‌లో అమెరికా ఆటగాడు బాబీ జోన్స్‌కు అచ్చంగా ఇదే జరిగింది. బాల్ కదిలిందని ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తానే చెప్పి పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానమై, ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో టైటిల్ పోగొట్టుకున్నాడు. క్లాస్ మొదటి సాయంత్రం నేను మొదలుపెట్టేది ఈ విషయంతోనే. స్వింగ్ ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. స్కోర్ కార్డు మీద ఐదుకు బదులు నాలుగు రాసుకునే అలవాటు ఒకసారి పడితే వదలడం కష్టం. నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఆ అలవాటు పడకూడదని నా పట్టుదల.

ఇక టైం సంగతి. అసలు గొడవంతా ఇక్కడే. ఈమధ్య ఒక ట్రిప్‌లో మన బ్యాచ్‌లో ఒకాయన కొట్టిన బాల్ కుడివైపు పొదల్లోకి పోయింది. కొత్త బాల్, ఖరీదైనది. "ఏమప్పా, ఎట్ల పాయె" అంటూ అందరూ బ్యాగులు వదిలేసి వెతకడం మొదలుపెట్టారు. సాయం చేయాలనే మంచి మనసే. కానీ వెనక టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర ఇంకో నలుగురు, వాళ్ల వెనక మరో గుంపు నిలబడిపోయారు. మార్షల్ (కోర్సులో ఆట ఆగకుండా చూసే మనిషి) బండిలో వచ్చి రెండుసార్లు చెప్పి వెళ్లాడు. చివరికి మనల్ని పక్కన నిలబెట్టి వెనకవాళ్లను ముందుకు పంపారు. మనవాళ్ల ముఖాలు చిన్నబోయాయి. డబ్బు కట్టి, తెల్లవారుజామున మూడు గంటలకే లేచి హైవే ఎక్కి, అంత దూరం పోయింది ఆ అనుభవానికా?

ఆ రోజు అందరికీ ఒక్క రూల్ తెలిసి ఉంటే అది జరిగేది కాదు. వెతకడానికి ఇచ్చే సమయం మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదు ఉండేది, తగ్గించారు. ఆ మూడు నిమిషాల్లో దొరకకపోతే బాల్ పోయినట్టే లెక్క. అప్పుడు ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకుని, ముందు ఎక్కడి నుంచి కొట్టామో అక్కడికే వెనక్కి పోయి మళ్లీ కొట్టాలి. కోర్సు హద్దుగా పాతిన తెల్ల గుంజలు దాటి బయటపడిన బాల్‌కూ ఇదే లెక్క. ఇంత దూరం నడిచి వెనక్కి పోవడం అందరికీ ఇబ్బంది కాబట్టే ప్రొవిజనల్ బాల్ పెట్టారు. బాల్ పోయిందేమో, బయట పడిందేమో అని అనుమానం వస్తే వెతకడానికి కదలకముందే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని పక్కవాళ్లకు వినపడేలా చెప్పి, అక్కడి నుంచే ఇంకోటి కొట్టాలి. మొదటిది దొరికితే దాంతోనే ఆట, దొరక్కపోతే రెండోదాంతో. నోటితో చెప్పకుండా కొడితే మాత్రం రెండోదే అసలు బాల్ అయిపోతుంది, మొదటిది దొరికినా పనికిరాదు. జేబులో ఇంకో బాల్ ఎప్పుడూ ఉండాలని నేను పోరేది ఇందుకే.

ఎర్ర గుంజలున్న పెనాల్టీ ఏరియా వేరు. సాధారణంగా చెరువో వాగో ఉంటుంది. అందులో పడినా కొట్టగలిగేలా ఉంటే పెనాల్టీ లేకుండా కొట్టుకోవచ్చు. లేదంటే ఒక స్ట్రోక్ వేసుకుని, బాల్ ఆ హద్దు దాటిన చోటు నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కు (బాల్ వేయాల్సిన గుంటకు) ఇంకా దగ్గర కాకుండా డ్రాప్ చేయాలి. డ్రాప్ అంటే మోకాలి ఎత్తు నుంచి వదలడం. ఒకాయన పాత వీడియోలు చూసి వచ్చి భుజం ఎత్తు నుంచి వదిలాడు. 2019కి ముందు అలాగే ఉండేది మరి. మన షెడ్డు వెనక ఖాళీ జాగాలో తెల్ల, ఎర్ర, పసుపు గుంజలు పాతించాను. క్లబ్ నేల మీద పరిచి కొలిచి, మోకాలి దగ్గర చెయ్యి పెట్టి బాల్ వదిలి, అందరి చేతా చేయిస్తాం. పుస్తకంలో చదివితే తల తిరిగే రూల్ ఇది. ఒక్కసారి చేతులతో చేస్తే గుర్తుండిపోతుంది.

వేగం విషయంలో రూల్స్ చెప్పేది, మన వంతు వచ్చాక అడ్డంకి లేకపోతే 40 సెకన్లలో కొట్టమని. మన ట్రిప్‌లో ఇంకొకటి పెట్టుకుంటున్నాం. పార్‌కు (ఆ హోల్‌కు పెట్టిన స్ట్రోకుల లెక్కకు) రెట్టింపు స్ట్రోకులు అయిపోతే బాల్ చేతిలోకి తీసుకుని తర్వాతి హోల్‌కు నడవాలి. మ్యాక్సిమమ్ స్కోర్ అనే పద్ధతి రూల్స్‌లోనే ఉంది, కాబట్టి ఇందులో చిన్నతనం ఏమీ లేదు. నలుగురికి మించి తీసుకెళ్లకపోవడానికి కారణం కూడా ఇదే. కోర్సులో టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) సాధారణంగా నలుగురికే ఇస్తారు. పన్నెండు మందిని తీసుకుపోతే మూడు గుంపులవుతాయి. నేను ఒక గుంపుతోనే ఉండగలను, మిగతా రెండు గుంపులకు చెప్పేవాళ్లుండరు.

బంకర్ (కోర్సులో ఉండే ఇసుక గుంట) సాధన కోసం వెనకాల ఒక ట్రాక్టర్ ఇసుక పోయించాను. బంకర్‌లో కొట్టేముందు క్లబ్‌తో బాల్ ముందు, వెనక ఇసుకను తాకకూడదు, ప్రాక్టీస్ స్వింగ్‌లో కూడా తగలకూడదు. తగిలితే రెండు స్ట్రోకులు. నెట్‌లో మ్యాట్ మీద క్లబ్ ఆనించి కొట్టే అలవాటు ఉన్న చెయ్యి ఇక్కడ తానంతట తానే కిందికి పోతుంది, చూడండి. అందుకే విడిగా సాధన కావాలి. ఇక మర్యాద ఏమిటంటే, లోతు తక్కువ ఉన్న వైపు నుంచి దిగి, కొట్టాక మన అడుగులు, మనం చేసిన గుంట అన్నీ రేక్‌తో చదును చేసి బయటికి రావాలి. తర్వాత వచ్చేవాడి బాల్ మన కాలి గుంటలో పడితే వాడు అలాగే కొట్టాల్సిందే కదా.

గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద, నెమ్మదిగా నడవాలి, పరిగెత్తకూడదు. ఎదుటివాళ్ల బాల్‌కు, హోల్‌కు మధ్య దారిని తొక్కకుండా చుట్టూ తిరిగి పోవాలి. మన బాల్ ఎవరికైనా అడ్డమైతే దాని వెనక రూపాయి బిళ్ల పెట్టి బాల్ తీసుకోవాలి. పైనుంచి పడిన బాల్ గ్రీన్‌లో చిన్న గుంట చేస్తుంది, అది సరిచేయడం మన బాధ్యత. చాలామంది దానికి వాడే చిన్న ఫోర్కును గుంట అడుగుకు గుచ్చి పైకి లేపుతారు. అలా చేస్తే గడ్డి వేళ్లు తెగి ఎండిపోతుంది. గుంట అంచుల నుంచి మధ్యలోకి నెట్టి, పైన పటర్‌తో (గ్రీన్ మీద వాడే క్లబ్‌తో) మెల్లగా తట్టాలి. మన దగ్గర ఉన్నది ప్లాస్టిక్ గడ్డి కాబట్టి దాని మీద ఇది నేర్పలేం. ఒక ట్రేలో తడి మట్టి మీద గరిక పెంచుతున్నాను, దాని మీద నేర్పిస్తాను.

నిజమైన గడ్డి గ్రీన్ ఎందుకు పెట్టవని అడిగేవాళ్లకు కూడా ఇక్కడే జవాబు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ప్రాంతం మనది. వేసవిలో వీధిలో జనం ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని నిలబడి ఉంటే, పక్కనే నేను గడ్డికి రోజూ బోరు నీళ్లు పోయలేను. నాకు మనసొప్పదు. ప్లాస్టిక్ గడ్డితోనే నడుపుతాం.

మాటల విషయం కూడా చెప్పాలి. ఎదుటివాడు కొట్టేటప్పుడు మాట్లాడకూడదు, ఫోన్ మోగకూడదు, వాళ్ల వెనక గానీ బాల్ దారికి సూటిగా గానీ నిలబడకూడదు. బాల్ మనుషుల వైపు పోతుంటే గొంతెత్తి "ఫోర్" అని అరవాలి. మొహమాటపడితే తలలు పగులుతాయి. పక్కవాడికి సలహాలివ్వడం మన అనంతపురం వాళ్లకు పుట్టుకతో వచ్చిన ప్రేమ. కానీ పోటీలో "ఏ క్లబ్‌తో కొట్టావన్నా" అని ఎదుటి ఆటగాణ్ణి అడిగినా రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది. జెండా ఎంత దూరం ఉందని అడగొచ్చు. మన క్యాడీని (బ్యాగు మోస్తూ సాయం చేసే మనిషిని) ఏదైనా అడగొచ్చు.

క్యాడీ అన్నలతో ఎలా ఉండాలన్నది రూల్ పుస్తకంలో దొరకదు గానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం. వయసులో పెద్దవాళ్లను పేరు పెట్టి కేకేయొద్దు. షాట్ చెడిపోతే వాళ్ల మీద విసుక్కోవద్దు. ఆ గడ్డి వాలు మనకన్నా వాళ్లకు బాగా తెలుసు. టిప్ ఎంత ఇవ్వాలో ట్రిప్‌కు ముందే మాట్లాడుకుని అందరం ఒకేలా ఇద్దాం.

బట్టల గురించి ఒక్క ముక్క. కాలర్ టీషర్ట్, ప్యాంటు లేదా మంచి షార్ట్స్. జీన్స్, రౌండ్ నెక్, చెప్పులతో చాలా గోల్ఫ్ కోర్సుల్లో రానివ్వరు.

అలాగే క్లబ్బుల సెట్లు. రూల్ ప్రకారం బ్యాగులో 14కు మించకూడదు, ఇన్ని ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. మొదటి ఏడాది సెవెన్ ఐరన్, పిచింగ్ వెడ్జ్, ఒక హైబ్రిడ్, పటర్ ఉంటే సరిపోతుంది. నేను పూర్తి సెట్లు అమ్ముతాను, అయినా ఇప్పుడే కొనొద్దనే చెప్తున్నాను. పెనుకొండ దగ్గర కియాలో, దాని చుట్టూ ఉన్న కంపెనీల్లో పనిచేసే మన కస్టమర్లు కొందరు పాత క్లబ్బులు అమ్ముతుంటారు, అవసరమైతే మాట్లాడిపెడతాను.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. పన్నెండు మందితో పోతే నాకు కొంత మిగిలేది. నలుగురితో పోతే డీజిల్, టోల్, గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టేది) పోను దాదాపు ఏమీ మిగలదు. తెలిసే చేస్తున్నాను. షాపు, నెట్ మీద వచ్చే ఆదాయంతో ఇది నడుస్తుంది. మన ఊరి నుంచి వెళ్లిన నలుగురిని చూసి ఆ కోర్సువాళ్లు "మళ్లీ రండి" అనాలి, అదే నాకు కావాల్సింది.

క్లాసులు శని, ఆదివారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు. పిల్లలతో వచ్చే తల్లిదండ్రులు కూడా కూర్చోవచ్చు. వచ్చేటప్పుడు ఒక రూపాయి బిళ్ల, పాతదైనా ఒక టవల్ తెచ్చుకోండి. వచ్చే ట్రిప్‌కు ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు క్లాసుకు రావడం కుదరదంటే షాపులో చెప్పండి, కట్టినదంతా తిరిగి ఇస్తాను. ఎండలు ముదిరేదాకా నెట్ టైమింగ్స్ మారవు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఉదయం తొమ్మిదికే మూసి, సాయంత్రం ఐదున్నరకు తెరుస్తాం.