మీ సీసా మీది తాబేలు బొమ్మ గురించి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ‘పెంపుడు జంతువులన్నిటికీ సురక్షితం’ అని అమ్ముతున్న మీ క్రిమిసంహారిణిపై ఫిర్యాదు.

అయ్యా,

ఈ నెల 9న విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక దుకాణంలో మీ లీటరు సీసా 340 రూపాయలకు కొన్నాను. దాని మీద కుక్క, పిల్లి, చిలుక, తాబేలు బొమ్మలు వరుసగా ఉన్నాయి. తాబేలును చూసే కొన్నాను. మా ఇంట్లో ఉన్నది కూడా తాబేలులా సరీసృపమే, బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండ. మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళుతూ నాకు అప్పగించాడు. మొదట్లో విసుక్కున్నాను గానీ, ఇప్పుడు పొద్దున్నే నా అడుగుల చప్పుడుకు అది తలెత్తి చూడకపోతే నాకు కాఫీ సహించదు.

ఈ జీవులు పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా వాటి రెట్టలో సాల్మొనెల్లా అనే, మనుషులకు విరేచనాలు, జ్వరం తెప్పించే బాక్టీరియా ఉండవచ్చు. ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఉంది. అందుకే వట్టి నీళ్లతో సరిపెట్టకుండా మీ మందు కొన్నాను. మగ్గు నీళ్లలో రెండు మూతలు వేయగానే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. తెల్లనివన్నీ పాలనుకునే వయసు ఎప్పుడో దాటాను, అయినా ఆ క్షణాన ఫినాయిల్ గుర్తుకు రాలేదు. గాజు పెట్టె తుడిచి, ఆరిందనుకున్నాను. వానాకాలంలో మా సముద్రపు గాలికి తువ్వాలు ఆరడానికే రెండు రోజులు పడుతుంది, ఆ తెలివి కూడా లేకపోయింది. తొండను లోపల వదిలి, అది వెచ్చగా కాచుకునే దీపం వేశాను. ఆ దీపం కింద రాయి దాదాపు 40 డిగ్రీలకు వేడెక్కుతుంది. కాసేపటికి పెట్టెలోంచి పైన్ నూనె ఘాటు గుప్పుమంది. వేడికి నోరు తెరవడం దానికి మామూలే. కానీ ఆ రోజు కళ్లు గట్టిగా మూసుకుని, నోటి అంచున సన్నని తీగలా చొంగ కారుస్తూ, గాజు మూలకు ముట్టె ఆనించి కదలకుండా ఉండిపోయింది.

పశువైద్యుడు సీసాను తిప్పి తిప్పి చూశారు. లేబుల్ మీద ఆయనకు పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. చివరికి మూత తీసి వాసన చూశారు. పైన్ నూనె, ఫినాల్ జాతి రసాయనాలు సరీసృపాల దగ్గర వాడకూడదని, ఇవి నాలుకతో తాకి చూస్తూ తిరుగుతాయి కాబట్టి గాజుకు అంటుకున్నది కూడా కడుపులోకి పోతుందని చెప్పారు. నాలుగు రోజులు అది తిండి ముట్టలేదు. ఐదో రోజు కాస్త గుమ్మడి తురుము తింది.

మీ సేవా కేంద్రానికి ఫోను చేస్తే, “మీ కుక్కకు ఏమీ కాలేదు కదండీ?” అని అడిగారు. మా ఇంట్లో కుక్క లేదు.

నేను ముప్పై ఏళ్లు కర్మాగారం స్టోర్స్‌లో పనిచేశాను. లోపల ఏముందో రాయని డ్రమ్మును గేటు దాటనిచ్చేవాళ్లం కాదు. మీ సీసా మీద పరిమళం పేరు ఉంది. రసాయనం పేరు లేదు. ఎన్ని నిమిషాలు ఉంచాలో, తరువాత కడగాలో వద్దో లేదు. వైద్యుడు చెప్పిన పద్ధతి నాలుగు వాక్యాలు. తొండను వేరే గదిలో ప్లాస్టిక్ టబ్బులో ఉంచి, రెట్ట తీసేసి, గాజు పెట్టెను ముందు సబ్బుతో కడగాలి, ఎందుకంటే మురికి మిగిలితే బ్లీచు శక్తి దాని మీదే ఖర్చయిపోతుంది. ఒక పాలు ద్రవ బ్లీచుకు ముప్పై పాళ్లు నీళ్లు అప్పటికప్పుడు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. వాసన పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మరుగుదొడ్డి యాసిడ్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంతటి వివరం మీ లేబుల్‌లో పట్టదా? ఆ నాలుగు బొమ్మలూ తీసేస్తే పడుతుంది. పిల్లి బొమ్మ ఎలాగూ తీయాల్సిందే, ఫినాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ.

సీసా ధర 340, వైద్యానికి అయిన 1,150 రూపాయలు తిరిగి ఇవ్వండి. రసాయనాల పేర్లు, శాతాలు లేబుల్ మీద ముద్రించండి. అంతవరకు ఆ ‘అన్నిటికీ’ అన్న మాట తొలగించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు చెప్పి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను.

రసీదుల నకళ్లు, లేబుల్ ఫొటోలు జతచేశాను. ముప్పావు వంతు మిగిలిన సీసాను మూత బిగించి, మనవరాలికి అందని అటక మీద భద్రంగా ఉంచాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విశాఖపట్నం