తడి చెత్త నుంచి గ్యాస్: చట్టాల బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి అడిగారు: "తడి చెత్త నుంచి గ్యాస్ వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి చెత్తంతా ఇంకా డంపింగ్ యార్డుకే ఎందుకు పోతోంది?" ఆ రోజు కార్యవర్గం దగ్గర సరైన జవాబు లేదు. అందుకే ఈ బృందం వేశాం. నెలకోసారి కూర్చుని వేరువేరు దేశాల చట్టాలు చదివాం. మొదటి నెల కుర్చీలు చాల్లేదు. పిల్లల పరీక్షల నెలలో ముగ్గురమే మిగిలాం.

యూరప్‌తో మొదలుపెట్టాం. యూరోపియన్ యూనియన్ 1999 నాటి ఆదేశం గ్యాస్ తీయమని చెప్పలేదు. కుళ్ళే చెత్తను పూడ్చడం తగ్గించమంది, అంతే. 1995లో వచ్చిన చెత్త లెక్కతో పోలిస్తే 2016 కల్లా 35 శాతానికి మించి పూడ్చకూడదని గీత గీసింది. స్వీడన్ 2005లోనే పూర్తిగా నిషేధించింది. పూడ్చడానికి వీల్లేకపోతే ఎక్కడికో పంపాలి కదా. డైజెస్టర్లకు, అంటే గాలి తగలకుండా చెత్తను కుళ్ళబెట్టి గ్యాస్ తీసే తొట్లకు, పని అలా పెరిగింది. తడి చెత్తను విడిగా సేకరించాలన్న నిబంధన మాత్రం యూనియన్ అంతటికీ 2023 చివరికి గానీ అమల్లోకి రాలేదు. మా దృష్టిలో ముందు రావాల్సింది అదే.

ఎక్కువసేపు వాదులాడుకున్నది జర్మనీ గురించి. 2000 సంవత్సరం నాటి చట్టం బయోగ్యాస్ కరెంటుకు ఇరవై ఏళ్ళ పాటు ఖాయమైన ధర ఇచ్చింది. 2004లో పంటల నుంచి తీసే గ్యాస్‌కు అదనపు బోనస్ కూడా కలిపారు. దాంతో చెత్త పక్కకు పోయి, మొక్కజొన్న ముందుకొచ్చింది. పొలాలు డైజెస్టర్ల కోసమే పండసాగాయి. చివరికి 2012లో, కొత్త ప్లాంట్లలో మొక్కజొన్న, ధాన్యం కలిపి 60 శాతం దాటకూడదని కళ్ళెం వేయాల్సి వచ్చింది. ధర ఇచ్చేటప్పుడు "దేని నుంచి తీసిన గ్యాస్‌కి?" అని అడగకపోతే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. "ఏదైతేనేం, బొగ్గు తగ్గింది కదా" అని ఒక సభ్యుడు చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన మాట కూడా రికార్డు చేశాం.

అమెరికాలో ఆహార వ్యర్థాలను చెత్తకుప్పకు పంపడంపై మొదట నిషేధం తెచ్చిన ఐదు రాష్ట్రాలను పోల్చిన పరిశోధన 2024లో వచ్చింది. చెత్తకుప్పకు పోయే పరిమాణం కనిపించేంతగా తగ్గింది ఒక్క మసాచుసెట్స్‌లోనే. అక్కడ చెత్త తీసుకునే కేంద్రాలు దగ్గర్లో ఉన్నాయి, నియమాలు సులువుగా ఉన్నాయి, తనిఖీలు నిజంగా జరిగాయి. మిగతా నాలుగు చోట్లా చట్టం ఉన్నా ఆ తగ్గుదల కనిపించలేదు.

దక్షిణ కొరియా ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడాన్ని 2005లో ఆపేసింది. ఎంత పారేస్తే అంత కట్టే పద్ధతిని 2013లో దేశమంతా తెచ్చింది. అయినా అందులో ఎక్కువ భాగం దాణాకూ ఎరువుకూ పోయింది. బయోగ్యాస్ తీయాలని ప్రత్యేకంగా లక్ష్యాలు పెట్టిన చట్టం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది.

భారతదేశంలో 2016 నియమాలు రోజుకు సగటున వంద కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలను భారీ ఉత్పత్తిదారులుగా లెక్కించాయి. తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకునే బాధ్యత వాళ్ళకే అప్పగించాయి. మాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి: వాహనాలకూ ఇళ్ళకూ సరఫరా చేసే గ్యాస్‌లో శుద్ధి చేసిన బయోగ్యాస్ వాటా 2025-26లో 1 శాతంతో మొదలై, 2028-29 నుంచి 5 శాతం ఉండాలన్న నిబంధన. అంటే కొనేవాడు ముందే సిద్ధంగా ఉన్నాడన్నమాట.

గ్యాస్ గురించి మాట్లాడేవాళ్ళు, గ్యాస్ తీశాక మిగిలే బురదలాంటి ద్రవం, అంటే స్లర్రీ ఊసెత్తరు. లోపలికి వెళ్ళిన తడి చెత్తలో చాలా భాగం స్లర్రీగా బయటికొస్తుంది. ప్లాస్టిక్ ముక్క పడితే అది ఎరువుగా ఎవరికీ పనికిరాదు. దాన్ని తీసుకునే రైతు లేకపోతే ప్లాంటు నడవదు. చట్టాల్లో మేం వెతికిన మాట ఇదే, దొరికింది తక్కువ.

మన ప్రయోగం సంగతీ చెప్పాలి. చిన్న డైజెస్టర్ పెట్టి, ఉత్సాహం కొద్దీ రెండో వారంలోనే మోతాదుకు మించి వేశాం. లోపల ఆమ్లం పెరిగి, మీథేన్ చేసే సూక్ష్మజీవులు మూలపడ్డాయి. గ్యాస్ ఆగింది, వాసన మాత్రం బాగా వచ్చింది. పొరుగువాళ్ళకు క్షమాపణ చెప్పి, మేత ఆపి, మెల్లగా మళ్ళీ దారిలో పెట్టాం. ఇప్పుడు నడుస్తోంది. రోజూ తూకం రాసే పుస్తకం కార్యాలయంలో ఉంది.

లెక్కల వివరాలు విడి కాగితంలో జత చేశాం. చెత్త వేరు చేయడంపై మన ఉపనియమాల చిత్తు ప్రతి వచ్చే సమావేశానికి ముందే అందరికీ చేరుతుంది. స్లర్రీ ఎక్కడికి పోవాలన్న నాలుగో అంశం ఖాళీగా వదిలాం. సూచనలు రాసి తీసుకురండి.

కార్యదర్శి