పై ఇంటి అమ్మాయికి కృతజ్ఞతలు

నా కొత్త ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 నడుస్తోంది, అంటే విండోస్ లాంటిదే అయిన లినక్స్‌లో ఒక రకం. ఈ నాలుగు మాటలూ దాని మీదే టైపు చేస్తున్నాను.

పుస్తకాల ప్రూఫులు దిద్దుకునే నాకు ఎనిమిదేళ్లుగా లినక్సే అలవాటు. పాత కంప్యూటర్ మూలపడ్డాక కొత్తది కొన్నాను. తీరా ఇన్‌స్టాల్ చేయబోతే డిస్కుల జాబితాలో పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ జాడ లేదు. కొన్న చోట అడిగితే "ఇందులో లినక్స్ ఎక్కదండీ" అని తేల్చేశారు. నేనూ ఆశ వదులుకున్నాను.

అప్పుడు వచ్చావు, తల్లీ. తెర చూడగానే "డిస్కు బాగానే ఉంది అత్తా, వీఎమ్‌డీ చాటున ఉంది" అన్నావు. వీఎమ్‌డీ అంటే డిస్కులను తన అదుపులో ఉంచుకునే ఇంటెల్ వాళ్ల ఏర్పాటట. దానికి తగిన డ్రైవరు లేకపోతే, ఇన్‌స్టాలర్‌కు అక్కడొక డిస్కు ఉన్నట్టే తెలియదట. కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లో మార్చవలసింది ఒక్క సెట్టింగు. అయినా నా చెయ్యి బయోస్ తెరిచే ఎఫ్2 మీదికి పోనివ్వలేదు నువ్వు. మా వారి లెక్కల కోసం విండోస్ కూడా ఉండాలి కదా, ముందు నోటుబుక్కు తెమ్మన్నావు. విండోస్ డిస్కుకు వేసే తాళం బిట్‌లాకర్, బయోస్‌లో మార్పు చేస్తే అది రికవరీ కీ అడగొచ్చట. ఆ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా నాతో రాయించావు. ఒక్కొక్కటే పైకి చదివించావు. నాలుగో గుంపులో నేను 6 బదులు 0 రాసిన సంగతి అప్పుడే బయటపడింది. విండోస్‌ను అత్యవసరమైన వాటితోనే తెరుచుకునే సేఫ్ మోడ్‌కు సిద్ధం చేశాకే వీఎమ్‌డీ ఆపించావు. తిరిగి తెరిస్తే అది నిజంగానే ఆ కీ అడిగింది! ఆ 0 అలాగే ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. వైఫై కార్డు మరీ కొత్తది, డెబియన్ 12లోని 6.1 కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటిది) దాన్ని గుర్తుపట్టలేదు. ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ తెప్పించి, డెబియన్‌కు కొత్త కూర్పులు అందించే బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నల్ ఎక్కించావు. ప్రతి ఆదేశమూ నా చేతనే టైపు చేయించావు. నేను అక్షరాలు వెతుక్కుంటుంటే విసుక్కోలేదు. మర్నాడు నీకు ల్యాబ్ పరీక్ష ఉందని మీ అమ్మగారు చెబితే గానీ నాకు తెలియలేదు.

జీతం ఆశించకుండా డెబియన్‌ను తీర్చిదిద్దుతున్న వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలకూ నమస్కారాలు. నీకు మాత్రం మనసారా కృతజ్ఞతలు, తల్లీ. ఆగిపోయిన కథల సంపుటి ప్రూఫు నిన్న రాత్రి ఈ యంత్రం మీదే పూర్తిచేసి పంపాను. నీ పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంది, సాయంత్రం పైకి తెచ్చిస్తాను.