సున్నం కొట్టిన నీళ్ల లైను: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గోడల మీద బొమ్మలు వేసి బతికేవాణ్ణి. మా నాన్న ఎన్నికల రోజుల్లో గోడ రాతలు రాసేవారు. ఒక డబ్బాలో జాజు, ఇంకో డబ్బాలో నీలిమందు కలిపిన సున్నం. పొద్దున ఒక పార్టీ గుర్తు, సాయంత్రం అదే గోడకు అవతలి కొసన దాని ప్రత్యర్థి గుర్తు. ఆయన చేతికి పార్టీ లేదు, అక్షరం వంకర పోకూడదన్న పట్టింపు మాత్రం ఉండేది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. నేను లలిత కళల కళాశాలలో చదువుకుని మళ్లీ ఆ గోడ దగ్గరికే వచ్చాను.

విషయానికి వస్తాను. హైదరాబాద్‌కు దగ్గర్లోని ఒక మున్సిపాలిటీ, పేరు అనవసరం, ఎన్నికలకు ముందు ఓటరు చైతన్యం కోసం నన్ను ఒక గోడ మీద బొమ్మ వేయమంది. 60 అడుగుల ప్రహరీ. పక్కనే రోజు విడిచి రోజు నీళ్ల ట్యాంకరు ఆగుతుంది. నేను ఒకే ఒక లైను గీశాను. ఎడమ కొసన ట్యాంకరు, దాని వెనక బిందెలతో ఆడవాళ్లు. మధ్యకు వచ్చేసరికి బిందెలు పోయి చేతుల్లో ఓటరు స్లిప్పులు వస్తాయి. కుడి కొసన బడి తలుపు, లోపల పోలింగ్ బూత్. మొదటి నుంచి చివరి దాకా అవే ముఖాలు, అవే చీరలు. ట్యాంకరు దగ్గర అందరికంటే ముందున్న ఆమె ఎడమచేతి చూపుడువేలు మాత్రం బిందె అంచు మీద ఉంటుంది, ఆ గోరు మీద సిరా గుర్తు. లైను చివరి నుంచి ఆమె అప్పుడే తిరిగి వచ్చిందన్నమాట. నమూనా చూపించాను, బాగుందన్నారు, పరంజా కట్టారు.

రెండో రోజు సాయంత్రం ట్యాంకరు వచ్చింది. బొమ్మలోని లైను పక్కనే అసలు లైను నిలబడింది. ఒకామె తన పోలిక పట్టేసి, "నా బిందె ఎర్రది కాదు, ఆకుపచ్చది" అంది. ఒక పెద్దాయన ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, లైనులో మగవాళ్లు ఏరీ అని అడిగాడు. ట్యాంకరు దగ్గర నాకు కనిపించలేదన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. ఓటు వేసి ఏం లాభమని ఒక కుర్రవాడు మొదలుపెట్టాడు. ఆకుపచ్చ బిందె ఆమె ఊరుకోలేదు. పైపు ఎండిపోయే దాకా ఇద్దరూ వాదించుకున్నారు. ఓటరు చైతన్యం అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, ఆ సాయంత్రం అక్కడ జరిగింది అదే అయి ఉండాలి.

మూడో రోజు ఒక అధికారి వచ్చారు. మర్యాదస్తుడే, నాకు టీ కూడా తెప్పించారు. "ఓటు బొమ్మలో నీళ్ల ట్యాంకరు ఎందుకండీ? రెండింటికీ సంబంధం ఏమిటి?" అన్నారు. జాతీయ భావం రావాలంటే భారతదేశ పటం, మువ్వన్నెలు, సిరా చుక్క ఉన్న వేలు వేస్తే చాలన్నారు. మర్నాడు నేను వెళ్లేసరికి ఎడమవైపు 30 అడుగులకు సున్నం కొట్టేసి ఉంది. ఇప్పుడు ఆ గోడ మీద సగం లైనే మిగిలింది. ఎక్కడి నుంచి బయల్దేరారో తెలియని ఆడవాళ్లు కొందరు బడి వైపు నడుస్తుంటారు.

రెండింటికీ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు జవాబు నేను కల్పించనక్కరలేదు, అది నల్గొండ దగ్గరుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. చాలామంది గెలవడానికి నిలబడలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన ఊళ్ల గోడు దేశం వినడానికి నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయక తప్పలేదు. బొమ్మలు వేసేవాణ్ణి కనుక నాకు ఆ బ్యాలెట్టే ఒక గొప్ప చిత్రంలా కనిపిస్తుంది: నీళ్ల లైను మొత్తాన్ని ఎన్నికల సంఘం కాగితం మీదే గీయించారు నల్గొండ జనం. ఆ నల్గొండ జిల్లాలోని మునుగోడులోనే 2023 శాసనసభ ఎన్నికల్లో 91 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. అదే రోజు హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా బూత్ వైపు రాలేదు. పాతబస్తీలోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా దాటలేదు. ఈ తేడాకు కారణాలు చాలా ఉంటాయి, అన్నీ నీళ్లే అనను. కానీ నగరంలో ఓటు వేయనివారిని బద్ధకస్తులని తేల్చేసి, వాళ్లకు వేలి బొమ్మ చూపిస్తే లేచి వస్తారనుకోవడం నాకు మింగుడుపడదు. ఆ వేలు వాళ్లకూ ఉంది. వాళ్ల వీధే గోడ మీద లేదు.

జాతీయ భావం మాటకొస్తే, ఆ పని మనకంటే ముందు చేసినవాళ్లు ఉన్నారు. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడు. గాంధీజీ కోరిక మీద సభా ప్రాంగణానికి శాంతినికేతన్ నుంచి నందలాల్ బోస్ బొమ్మలు వేశారు. శిష్యులతో కలిసి దాదాపు 400 పోస్టర్లు, చేతితో చేసిన కాగితం మీద. స్వరాజ్యం కోసం జరుగుతున్న సభ, చుట్టూ దేశంలోని పెద్ద నాయకులంతా ఉన్నారు. ఆయన వేసింది మాత్రం డోలు కొట్టేవాణ్ణి, దూదేకేవాణ్ణి, వడ్రంగిని, ఎద్దును నిలువరించేవాణ్ణి, బిడ్డకు పాలిచ్చే తల్లిని. నాయకుణ్ణి వేయడం చేతకాక కాదు. 1930లో కర్ర పట్టుకుని నడిచే గాంధీజీని లినోలియం పలక మీద చెక్కి అచ్చు తీసింది ఆయనే. తర్వాత రాజ్యాంగం మూలప్రతి పుటలను అలంకరించే పని కూడా ఆయనకే అప్పగించారు. మన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన నాటి నుంచి 1947లో ధర్మచక్రం వచ్చే దాకా జెండా నడుమ తిరిగింది రాట్నమే కదా. రాట్నం ఇంటి పనిముట్టు. బిందె కూడా అంతే.

మన చేర్యాల నకాషీ పటాలు ఇంకా పాతవి. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద ఎర్రని నేల, అడ్డంగా వరసలు వరసలుగా కథ. పటం కథలు చెప్పే కూనపులివారు పద్మశాలీల ముందు, కాకిపడగలవారు ముదిరాజుల ముందు పటం విప్పి, ఆ కులం కథ ఆ కులానికే చెప్పేవారు. చూసేవాళ్లు తమవాళ్ల కోసం వెతుక్కునేవారు, తప్పుంటే అక్కడే అడిగేవారు. కులాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆ పటం ముందు ఎవరూ ఆవలించేవారు కాదని మాత్రమే చెబుతున్నాను. మనం వేయిస్తున్న మువ్వన్నెల గోడల ముందు జనం ఆగడం కూడా లేదు. మా వీధుల్లో దేవుళ్ల బొమ్మల పలకలు, ఎవరూ మూత్రం పోయకుండా గోడలను కాపాడుతుంటాయి. నిజం చెప్పాలంటే, జెండా రంగులకూ ఆ కాపలా పనే అప్పగించాం.

మున్సిపాలిటీలు మీ శాఖ కిందికి రావని నాకు తెలుసు. గోడ వాళ్లదే అయినా బొమ్మ మీ శాఖ సంగతి. ప్రభుత్వ డబ్బుతో వేసే గోడ చిత్రానికి ఒకసారి ఆమోదం ఇచ్చాక, కారణం రాతపూర్వకంగా చెప్పకుండా, వేసినవాడితో మాట్లాడకుండా చెరపకూడదని మీరు ఒక ఉత్తర్వు ఇప్పించగలరు. నమూనా చూసే సంఘంలో ఆ వీధివాళ్లు ఇద్దరైనా ఉండేలా చేయగలరు. వాళ్లు వద్దంటే నేను నోరెత్తను, ఎందుకు వద్దో అడిగి మార్చుకుంటాను. పెద్దాయన అడిగిన మగవాళ్ల గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. పోలింగ్ లైనులోనైనా ఒకరిద్దరిని వేయాల్సింది, ఆ తప్పు నాదే. అలాగే ప్రతి చైతన్య చిత్రంలోనూ ఫలానా గుర్తు, ఫలానా నినాదం ఉండి తీరాలన్న షరతు తీసేయించండి. ప్రభుత్వాన్ని తిట్టే బొమ్మలకు డబ్బివ్వమని అడగడం లేదు. ట్యాంకరు లైను తిట్టు కాదు, అది ఆ వీధిలో ఉంది, అంతే.

ఆ 30 అడుగులు మళ్లీ వేయడానికి నాకు కూలి వద్దు. రంగులు నావే, పరంజా నేనే తెచ్చుకుంటాను. మీ సంతకంతో ఒక కాగితం చాలు. ఈసారి ఆమె బిందెకు ఆకుపచ్చ రంగే వేస్తాను.

ఇట్లు,
ఒక గోడల చిత్రకారుడు