వేలిముద్ర వేయకముందే చదివి వినిపించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర ఎన్నారై సాధికారత, సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కడపలో ఏడు రోడ్ల దగ్గర నాకో జిరాక్సు, నెట్ సెంటరు ఉంది. పాస్‌పోర్టు స్లాట్లు, పాన్ కార్డులు, హాల్ టికెట్లు, రోజంతా ఇదే పని. నేను లాయర్ని కాను. కానీ కువైట్‌కు పోయేవాళ్ల కాగితాలు రోజూ నా చేతుల మీదుగా పోతుంటాయి. అందుకే రాస్తున్నాను.

పోయిన వేసవిలో సిద్దవటం వైపు నుంచి ఒకామె వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు పేజీల కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పేజీకి ఒక పక్క అరబ్బీ, ఇంకో పక్క ఇంగ్లీషు. చివరి పేజీ అడుగున అప్పటికే ఆమె వేలిముద్ర పడి ఉంది.

"అన్నా, రెండు జిరాక్సులు తియ్యి. అట్లే ఇందులో ఏమి రాసినారో కూడా చెప్పు" అంది.

వేలిముద్ర వేసినాక అడిగితే ఏం లాభమక్కా అన్నాను. "వేస్తేనే వీసా చేతికిస్తామన్యారన్నా" అంది.

జీతం దగ్గర ఒక అంకె ఉంది. ఏజెంటు ఆమెకు నోటితో చెప్పిన అంకె వేరు. పని గంటలు రాయాల్సిన చోట ఖాళీ. మిగతాది నాకొచ్చిన ఇంగ్లీషుతో సగం అర్థమైంది. అరబ్బీ పక్క ఏముందో దేవుడికెరుక.

ఆమె పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంది. పదో తరగతి పాస్ కాని వాళ్లకు వేసేది. ఈ ముద్ర గురించి మా దగ్గర ఎన్ని కథలున్నాయో మీరు వినాలి. పోలీసు కేసుంటే వేస్తారని కొందరు, అది ఉంటే విమానమే ఎక్కనివ్వరని కొందరు. "అది నేను చూసుకుంటాలే" అని ఏజెంటు దానికీ విడిగా ఒక రేటు చెబుతాడు. అసలు సంగతి ఇంతే: ఆ ముద్ర ఉన్నవాళ్లు కువైట్, సౌదీ, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. ఒప్పందం సరిగా ఉందా, పిలిచినవాడు ఎవడు అని చూడటానికి 1983 ఎమిగ్రేషన్ చట్టంలో పెట్టిన ఏర్పాటు అది. ఎవరి మేలు కోసం పెట్టారో వాళ్లే దానికి భయపడి, తప్పించుకోవడానికి డబ్బులు కడుతున్నారు.

ఈ ముద్ర ఉన్న ఆడవాళ్లు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి వాళ్లను పంపాల్సింది ప్రభుత్వ సంస్థలే. విదేశాలకు పనివాళ్లను పంపడానికి మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది కదా సార్, ఆ పేరు నా షాపుకొచ్చే వాళ్ల నోట నేను ఒక్కసారీ వినలేదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు రూ.30,000, దానిపైన జీఎస్టీ. ఈ అంకె చెబితే నవ్వేస్తారు, ఎందుకంటే వాళ్లు కట్టేది లక్షల్లో. అనుమతితో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు రూ.275, పన్ను అదనం. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి రూ.10 లక్షలు. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుందామనుకునే వాడికి ఈ బీమా లేదు. ఆ ముక్క వాడికి ఎవరూ చెప్పరు.

అక్కడి చట్టం సంగతీ అంతే. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లోనే 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, పనివాళ్లు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మా ఊళ్లలో మాత్రం "పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉంటుంది, అది అక్కడి రూలు" అని ఏళ్ల తరబడి వెళ్లొచ్చినవాళ్లే చెబుతారు. ఇంకొకటి ఆజాద్ వీసా. ఖాదిం వీసా, అంటే ఇంటి పని వీసా, కొనుక్కుని బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చని అమ్ముతారు. అలాంటి వీసా కువైట్ చట్టంలో లేదు. దొరికితే జైలు, లేదా తిప్పి పంపడం.

2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) లేనివాళ్ల ఇళ్లలో ఎంత టెన్షనో నేను చూశాను. గడువు మొదట జూన్ 17 దాకా అన్నారు, తర్వాత 30 దాకా పొడిగించారు. వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో రెండు తేదీలూ తిరిగాయి. ఏది నిజమని నా షాపులో కూర్చుని అడిగేవాళ్లు. మాకు గెజిట్ అంటే ఆ వాయిస్ మెసేజే.

చట్టం ఢిల్లీదని నాకు తెలుసు. అందులో ఏముందో తెలుగులో చెప్పడానికి మాత్రం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఒక్క కాగితం వేయించండి, రెండు వైపులా అచ్చు, పెద్దక్షరాలు. మా కడపకు ఉర్దూలో కూడా కావాలి. అయితే ఒక మనవి. తెలుగు అనగానే "ఉత్ప్రవాస అనుమతి ధ్రువీకరణ" అని రాసి పంపొద్దు. అది చదివించుకోవడానికి మళ్లీ నా దగ్గరికే వస్తారు, నాకూ అర్థం కాదు.

కాగితంతోనే సరిపోదు, చదవలేని వాళ్లే ఎక్కువ. ప్రతి ఊరికీ సచివాలయం ఉంది, కంప్యూటరుంది, మనిషి ఉన్నాడు. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అన్నది కేంద్రం నడిపే ఈమైగ్రేట్ సైటులో చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించాక, జీతం ఎంత, గంటలెన్ని అని ఆ మనిషి నోటితోనే తిరిగి చెప్పించుకుని, అప్పుడు వేలిముద్ర వేయించమనండి. ఒప్పందం తెలుగు నకలు ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. రేపు ఏదైనా జరిగితే పరిగెత్తాల్సింది వాళ్లే.

సిద్దవటం ఆమె మళ్లీ రాలేదు. వెళ్లిందో, ఆగిందో తెలియదు. ఆ రోజు నేను చేయగలిగింది ఖాళీగా ఉన్న గంటల గడి చూపించి, ఇక్కడ అంకె వేయించుకోమ్మా అని చెప్పడమే.

మీరు ఆ కాగితం తయారు చేసి ఒక్కటి పంపండి సార్. ఎన్ని జిరాక్సులైనా ఊరికే తీసిస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటరు యజమాని,
కడప